ఏ ఆటకి గిరాకీ?

“బాబూ, కంప్యూటర్ ఆటలకి గిరాకీ ఎక్కువంటారా, మీ టీవీ ఆటలకంటారా?”

గేమ్ రిమోట్లు తుడుస్తున్న బెంజమిన్ తలెత్తాడు. గుమ్మంలో తెల్లచొక్కా పెద్దాయన నిలబడి, షాపులోని టీవీలనీ, ఖాళీ కుర్చీలనీ, అద్దెకివ్వబడును అని బోర్డు కట్టిన పక్క గదినీ మార్చి మార్చి చూస్తున్నాడు.

బెంజమిన్ గుండెల్లో రాయి పడింది. ఏలూరు పవర్‌పేటలో టీవీ ఆటల షాపు తనదొక్కటే. రెండోది వచ్చి ఆ పక్క గదిలోనే దిగితే ఇంకేముంది! పోయేది షాపొక్కటే అయినా బాగుండేది. తాడేపల్లిగూడెంలో టీచరుగా చేస్తున్న దీవెనని చర్చి కన్వెన్షన్లో చూసిన దగ్గర్నుంచీ అతనికి వేరే ధ్యాస లేదు. అతని తల్లి ఎలిజబెత్ పాస్టరుగారి ద్వారా దీవెన వాళ్ళింటికి పెళ్ళి కబురు పంపింది. కుర్రాడు స్థిరపడ్డాడా అన్నదొక్కటే వాళ్ళడిగారట.

“కూర్చోండి బాబాయిగారూ. మీరేం చేస్తుంటారండీ?”

“కొల్లేరు పక్కన చేపల చెరువులండీ.”

చెరువుల డబ్బు! తలచుకుంటే రేపే పది టీవీలు దింపగలడు.

“ఇంటింటికీ కంప్యూటర్ వచ్చేస్తోందంటున్నారు కదండీ,” అన్నాడు పెద్దాయన. “ముందు ముందు ఈ టీవీ ఆటలు నిలబడతాయంటారా?”

నిలబడతాయని బెంజమిన్‌కి తెలుసు. ఊళ్ళో కంప్యూటర్లు ఎక్కువే. కానీ ఒకడు ఆట సీడీ తెస్తే వీధంతా కాపీ కొట్టుకుని ఊరికే ఆడుకుంటుంది. టీవీ ఆటల మిషను కొనే స్తోమతు అందరికీ లేదు కాబట్టి, పిల్లలు గంటకింతని ఇచ్చి ఇక్కడికే వస్తారు. ఆడేవాళ్ళు అక్కడెక్కువ, డబ్బిచ్చేవాళ్ళు ఇక్కడెక్కువ. బడి వదిలాక చూస్తే ఈ షాపులో కుర్చీ దొరకదు.

ఆ సంగతి పోటీకొచ్చినవాడికి చెప్పడానికి తనేమన్నా వెర్రివాడా!

“ఏం నిలబడతాయండీ! మార్కెట్టంతా కంప్యూటర్లదే. ఇక్కడ ఈగలు తోలుకుంటున్నాను, చూస్తున్నారుగా.”

“మరి అద్దె?”

“చేతి డబ్బే పెడుతున్నానండీ.”

“దీనిమీద ఒక సంసారం గడవదంటారా?”

“సంసారమా! టీ ఖర్చులే రావండీ. ఈ ఏడాదితో మూసేద్దామనుకుంటున్నాను.”

అబద్ధం ఇంత సులువుగా నోట్లోంచి జారుతుందని బెంజమిన్‌కి అంతవరకూ తెలీదు. ఆదివారం చర్చిలో మోకరించి ఒప్పుకుంటే సరిపోతుందిలే అనుకున్నాడు. కానీ పెద్దాయన మొహం వాడిపోవడం చూసి మనసు చివుక్కుమంది.

“ఉన్నదున్నట్టు చెప్పారు బాబూ. ఈ రోజుల్లో ఎవరు చెప్తారండీ?” అంటూ లేచాడాయన. “ఇంట్లోవాళ్ళే పాపం, బాగా ఆశపెట్టుకున్నారు.”

“మీరు మునిగిపోకూడదనే చెప్పానండీ. షాపు పెట్టే ఆలోచన మానేసి, హాయిగా మీ చెరువులు చూసుకోండి.”

పెద్దాయన చెప్పుల్లో కాళ్ళు పెడుతూ ఆగి, అయోమయంగా చూశాడు.

“నేను షాపు పెట్టడమేంటి బాబూ?”

“మరి ఇవన్నీ ఎందుకడిగారండీ?”

“నేను దీవెన వాళ్ళ నాన్ననండీ.”