జైలు వద్దు సార్

జగిత్యాల కోర్టులో గంగాధర్ రొమ్ము విరుచుకుని నేరం ఒప్పుకున్నాడు. "తెలంగాణ కోసం చేసిన సార్. జైలుకైనా పోత."

బంద్ రోజు మా టైలర్ షాపు షట్టర్ దించే ఉంది. జై తెలంగాణ అని అరుస్తూ దాన్ని పగలగొట్టి, లోపల కుట్టుకుంటున్న అమ్మ కుడిచేయి కర్రతో విరిచాడు. ముందురోజు నేను అతని బండి ఎక్కనన్నాను. అదీ కారణం. అమ్మ ఇక కత్తెర పట్టలేదు.

శిక్ష వేసే ముందు జడ్జిగారు నన్ను అడిగారు. "ఇతనికిది మొదటి నేరం. జైలుకు పంపాలంటావా, మంచి నడవడికకు బాండు రాయించుకుని వదిలేయాలంటావా?"

"జైలు వద్దు సార్. మాఫ్ చేసిన. ఇంటికి తోలుండ్రి."

అమ్మ తల తిప్పుకుంది. వెనక ఎవరో ముసలమ్మ, "ఎంత దయగల్ల బిడ్డ!" అంది.

జడ్జిగారు బాండుకే ఒప్పుకున్నారు. గంగాధర్ ముఖం మాడిపోయింది.

"సార్, సార్, నన్ను జైలుకే పంపుండ్రి!"

బయట అతని దోస్తులు బంతిపూల దండలు, డప్పులతో నిలబడ్డారు. ఉద్యమంలో జైలుకు పోయేవాణ్ణి అప్పుడు పెళ్లికొడుకులా సాగనంపేవారు. తిరిగొస్తే ఊరంతా ఎదురొచ్చేది.

వాళ్లను చూసి గంగాధర్ గడప దగ్గరే ఆగిపోయాడు. నేను అతని పక్కకు వెళ్లి, దోస్తులకు వినపడేలా అన్నాను.

"పో గంగన్నా. ఎట్ల ఇడిసిండ్రని అడుగుతరు. బండెక్కనన్న పిల్ల మాఫ్ చేస్తే ఇంటికచ్చిన అని చెప్పు."