పావు, అర, ముప్పావు

"ఇంటి గుట్టు తీసుకెళ్లి వీధిలో పెట్టావా!" ప్రొఫెసరమ్మ గొంతుకి ప్రయోగశాల కిటికీ అద్దాలు అదిరాయి.

"మీరే సంతకం పెట్టారు మేడమ్," శిష్యురాలు నసిగింది. "కొలతలన్నీ అందరికీ కనబడేలా నెట్‌లో పెడితేనే మన వ్యాసం వేస్తామని పత్రికవాళ్ల షరతు."

చదవకుండా చేసిన సంతకం. ఎవర్ననగలదు? మూడేళ్లు కంటికి రెప్పలా కాపాడిన విత్తనం ఉప్పునీళ్లకి తట్టుకోలేదని రాసిన వ్యాసమది. ఓడిపోవడం ఒక ఎత్తు, ఆ ఓటమిని అంకెలతో సహా ఊరంతా చూడ్డం ఇంకో ఎత్తు.

"అదీగాక... ఎవరో తప్పు పట్టారు మేడమ్."

"పట్టరూ మరి? తలుపులు బార్లా తీసిపెడితే! ఏమంటారు? చదువు."

శిష్యురాలు గొంతు సవరించుకుంది. "మంచినీళ్ల ట్రేలలో మొలకల కొలతలు బాగున్నాయి. ఉప్పునీళ్ల ట్రేలలో మాత్రం అన్నీ పావు, అర, ముప్పావులే. సెంటీమీటర్ల స్కేలు మీద పావులెక్కడివి? ఎవరైనా అంగుళాల వైపు పెట్టి కొలిచారేమో, ఒక్కసారి చూసుకోండి." కింద పేరు లేదు. ఫోన్ నంబరు మాత్రం ఉంది.

మరుక్షణం ఇద్దరూ బీరువా మీద పడ్డారు. ఆరబెట్టి అట్టలకి అతికించిన మొలకలన్నీ బల్లమీద పరిచారు. మూడుంపావు అని రాసిన మొలక స్కేలు మీద ఎనిమిది సెంటీమీటర్లు దాటింది. దాని పక్కదీ అంతే. ఆ పక్కదీ అంతే. ఉప్పునీళ్ల మొలకలు మంచినీళ్ల మొలకలతో భుజం భుజం కలిపి నిలబడ్డాయి.

"మేడమ్, మనం గెలిచాం!"

ఏనాడూ పళ్లు కనబడేలా నవ్వని ప్రొఫెసరమ్మ, స్కేలు చేత్తో పట్టుకుని బల్ల చుట్టూ గిర్రున తిరిగింది. "ముందు ఆ పుణ్యాత్ములెవరో వాళ్లకి ఫోన్ కలుపు!"

శిష్యురాలు ప్రయోగశాల ఫోన్లో నంబరు నొక్కి అందించింది.

"నమస్కారమండీ! మా మూడేళ్ల కష్టాన్ని నిలబెట్టారు. దిద్దిన వ్యాసంలో మీ పేరు కూడా వేస్తాం. ఇంతకీ మీది ఏ యూనివర్సిటీ?"

"యూనివర్సిటీ ఏంటమ్మాయ్, మీ ఇంటి వెనక గదే!" అవతల అత్తగారు పకపకా నవ్వింది. "ముప్పై ఏళ్లు పిల్లలకి లెక్కలు చెప్పినదాన్ని, ఏం కొలుస్తున్నావో చూపించమంటే ఫైలు మూసేసేదానివి. లోకమంతటికీ చూపించావుగా, నేనూ చూశా!"