చుక్కలు వేసేముందు

బోర్డు మీద దోమ వాలిందనుకుని పెయింటర్ అరచేత్తో ఒక్కటి వేశాడు. దోమ చావలేదు. అప్పుడే పూసిన తెల్లరంగు మీద అయిదు వేళ్లూ అచ్చుపడ్డాయి. తలెత్తితే ఆ దోమ ఆకాశంలో ఉంది. ఇటు తిరిగితే ఎదుటి గోడ మీద ఉంది.

ముప్పై అయిదేళ్లుగా దుకాణాలకు బోర్డులు రాస్తున్న మనిషి. దారం పట్టి లాగినట్టు గీత గీసేవాడు. ఆ రోజు గీత వంకరపోయింది. మర్నాడు పొద్దున్నే కంటి ఆసుపత్రికి వెళ్లాడు.

అక్కడ ఇద్దరు డాక్టర్లు. పెద్ద డాక్టరు గది ముందు ఎవరూ లేరు. చిన్న డాక్టరమ్మ గది ముందు బెంచీ నిండిపోయింది. పెయింటర్ వెళ్లి ఆ బెంచీ చివర ఇరుక్కుని కూర్చున్నాడు.

"పెద్ద డాక్టరుగారు ఖాళీగానే ఉన్నారు, అటు వెళ్లండి," అంది నర్సు.

"పర్లేదమ్మా. ఈవిడకే చూపించుకుంటాను."

నర్సు ఆయన తల వెనక్కి వంచి కళ్లలో చుక్కల మందు వేసింది. అరగంట తర్వాత ఆయన లోపలికి వెళ్లేసరికి దగ్గరున్నవన్నీ అలుక్కుపోయాయి. డాక్టరమ్మ ముఖం నీళ్లలో పడ్డ ఫొటోలా ఉంది.

ఆమెకు ముప్పయ్యేళ్లు ఉంటాయేమో. దోమ సంగతి విని నవ్వింది. ఆయన గడ్డం మిషన్ మీద ఆనించి, బొటనవేలితో రెప్ప పైకెత్తి చాలాసేపు చూసింది.

"దోమా లేదు, ఈగా లేదు బాబాయ్. కంట్లో జిగురులాంటి పదార్థం ఉంటుంది. వయసుతోపాటు అది పలచబడి పోగులు పోగులుగా తేలుతుంది. వాటి నీడే మీకు కనబడేది."

"పోదా అమ్మా?"

"పూర్తిగా పోకపోవచ్చు. మనసే మెల్లగా పట్టించుకోవడం మానేస్తుంది. మీరు మాత్రం దాన్ని వెతక్కండి, వెతికితే నెత్తికెక్కుతుంది. మరీ అడ్డమొస్తే కళ్లు పైకీ కిందకీ తిప్పండి, జరుగుతుంది. ఎండలో నల్లద్దాలు పెట్టుకోండి. ఉన్నట్టుండి మెరుపులు మెరిసినా, నల్లచుక్కలు వానలా కురిసినా, తెర దించినట్టున్నా మాత్రం ఆ నిమిషమే పరుగెత్తుకు రండి."

"అవేవీ లేకపోతే?"

"నెల తర్వాత ఒక్కసారి చూద్దాం."

నెల తిరిగేసరికి వచ్చాడు. ఈసారి నర్సు మందు తెస్తే తల వంచలేదు.

"డాక్టరమ్మతో మాట్లాడాక వేయండి. అది పడితే ముఖాలు మసకేస్తాయి."

"కళ్లు చూపించుకోవడానికి వచ్చారా, ముఖాలు చూడ్డానికి వచ్చారా?" అని విసుక్కుంది నర్సు. కానీ ఆయన మొండితనం ముందు ఆమె ఆటలు సాగలేదు.

ఆ తర్వాత ఎవరూ రమ్మనకుండానే నెలనెలా వచ్చాడు. ప్రతిసారీ అదే గొడవ. ముందు మాట్లాడాలి, తర్వాతే చుక్కలు.

ఈలోగా పనిలో కిటుకులు కనిపెట్టాడు. తెలుపు బదులు లేతనీలం పూస్తే పోగులు అంతగా కనబడవు. రాస్తూ మధ్యమధ్యలో దూరంగా చూస్తే కిందికి దిగిపోతాయి. లేని దోమను కొట్టడం మానేశాడు. ఒక్కోరోజు అది ఉందన్న సంగతే సాయంత్రం దాకా గుర్తుండేది కాదు.

ఇవేవీ డాక్టరమ్మకు చెప్పలేదు.

"ఇంకా ఇబ్బందిగానే ఉందా బాబాయ్?" అని ఆమె ఆరోసారి అడిగింది.

"ఉందమ్మా. గీత వంకరపోతోంది," అన్నాడు. ఆ పొద్దున్నే నలభై అక్షరాల బోర్డు ఒక్క దిద్దుబాటు లేకుండా రాసి వచ్చాడు.

ఏడోసారి నెల కూడా ఆగలేదు. మధ్యాహ్నం, ఆమె అన్నం డబ్బా మూత తీసే వేళకు గుమ్మంలో నిలబడ్డాడు.

"మెరుపు మెరిసిందమ్మా."

ఆమె ముఖం పాలిపోయింది. డబ్బా పక్కకు నెట్టి లేచింది. తనే చుక్కలు వేసింది. గంటకు పైగా కంటిలో మూలమూలా వెతికింది. పెద్ద డాక్టరును పిలిచి చూపించింది. చివరికి కుర్చీలో వెనక్కి వాలింది.

"ఏమీ లేదు. హడలగొట్టేశారు బాబాయ్!"

ఆ మసకలోనే ఆయనకు అన్నం డబ్బా తెరిచినది తెరిచినట్టే కనబడింది.

"తినమ్మా. చల్లారిపోయింది."

"బయట పదిమంది ఉన్నారు. తర్వాత తింటాలెండి."

ఆ రోజు ఆయన పనికి వెళ్లలేదు. గదిలో కూర్చుని తనను తానే తిట్టుకున్నాడు.

ఎనిమిదోసారి వెళ్లి నిలబడే చెప్పాడు. "ఆ రోజు మెరుపేం లేదమ్మా. అబద్ధం చెప్పాను."

"ఎందుకు?"

"ఊరికే... భయమేసి."

ఆమె కోప్పడలేదు. "ఇంట్లో ఎవరూ ఉండరా?"

"ఉండరు."

"మరి మీ దోమ?"

"ఉంది. అలవాటైపోయింది. దాని జోలికి నేను పోను, నా జోలికి అది రాదు."

ఆమె పకపకా నవ్వింది. ఫైల్లో ఏదో రాసి మూసేసింది. "అయితే గెలిచారన్నమాట. ఇక మీరు రానక్కర్లేదు."

"నెలకోసారి కాకపోయినా..."

"బాగున్న కంటిని ఎన్నిసార్లు చూడను? వేరేవాళ్లకు దారివ్వండి బాబాయ్."

ఆయన తలూపాడు. ఆమెను ఒకసారి తేరిపారా చూశాడు. ఇవాళ చుక్కల మందు అవసరం రాలేదు.

"వెళ్లొస్తానమ్మా."

"ఆసుపత్రిలో ఎవరైనా వెళ్లొస్తానంటారా? వెళ్తానని చెప్పండి."

"వెళ్తానమ్మా," అన్నాడు.

ముప్పయ్యేళ్ల క్రితం, భార్య పోయిన మూడో నెలలో, ఈ డాక్టరమ్మను పొత్తిళ్లలో తీసుకెళ్లి పిల్లల్లేని దంపతుల చేతుల్లో పెడుతూ, 'నేనెవరో దానికి ఎప్పటికీ తెలియనివ్వను' అని ఇచ్చిన మాటను ఆ తండ్రి ఎనిమిదోసారి కూడా నిలబెట్టుకున్నాడు.