డైనోసార్ అంకుల్

“ఫోన్ తీసి టీపాయ్ మీద పెట్టు. అందరికీ కనబడేటట్టు పెట్టు,” అన్నాడు విజయేందర్.

హదస్సా పెట్టలేదు, కొట్టింది. ఖాళీ కప్పులు గల్లుమన్నాయి.

తిరుమలగిరిలో ఆ గల్లీ అంతా రోనాల్డ్ ముందుగదిలోనే ఉంది. విజయేందర్ కాలనీ సంఘం సెక్రటరీ. గెలిపించింది పదిమందే అయినా పెత్తనం మాత్రం పట్నమంతా. అందరూ వచ్చేసరికే గోడవారగా కుర్చీలు వేసి ఉన్నాయి. ఎదురింటి సుబ్బులు టీ పెడదామని వంటింట్లోకి పోతే, పాలు అప్పటికే కాగుతున్నాయి. కప్పులు కడిగి బోర్లించి ఉన్నాయి.

“ఇంత బాధల సుత మర్యాద మరిచిపోలే, చూడుండ్రి,” అంది సుబ్బులు.

హదస్సా మీద మోపిన నేరం ఇది. కాలనీ ఫేస్‌బుక్ గ్రూపులో ‘నిజం నిప్పు’ అనే దొంగ ఐడీ ఒకటి పుట్టింది. దానికి ముఖం లేదు. రోనాల్డ్‌ను తిట్టడం తప్ప వేరే పనీ లేదు. దొంగ సీడీల దొర అంటుంది. పలకరించే దిక్కులేని పీనుగ అంటుంది. మొన్న డైనోసార్ అంది. ఆ ఒక్క మాటే హదస్సా కొంప ముంచింది.

ఎందుకంటే ఆ మాట హదస్సాది. గోడ అవతలి ఇంట్లో ఆమె చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకుని, ఎక్కడెక్కడి వాళ్లతోనో జట్టు కట్టి గేములు ఆడుతుంది. “కొట్టు, కొట్టు, వెనకున్నడు!” అని అరుస్తుంది. రోనాల్డ్ సంఘానికి ఫిర్యాదు చేశాడు. ‘డైనోసార్ అంకుల్‌కు నిద్ర పడతలేదంట’ అని ఆమె గ్రూపులో రాసింది. తన పేరు మీదే రాసింది.

“ఒక్కసారి అన్న. దాచుకోలే. దొంగ పేరు పెట్టుకునే ఖర్మ నాకేంది?” అంది హదస్సా.

“దినాం మనుషుల్ని కాల్చి ఆడుకునే పిల్లవు. నీకు గిదో లెక్కనా?” అన్నాడు విజయేందర్.

“నేను గేముల కాలుస్త. మీలెక్క గ్రూపుల కాల్చను, అంకుల్.”

ఎవరో కిసుక్కున నవ్వి, నవ్వును దగ్గులో కలిపేశారు. విజయేందర్ ముఖం మాడిపోయింది. ఫోన్ తీశాడు.

“మా బామ్మర్ది పోలీసుల ఉన్నడు. ఇప్పుడే చెప్త. రేపు స్టేషన్ల కూసోబెడితే అన్నీ అవే బయటికొస్తయ్.”

హదస్సా తల్లి ప్రిసిల్లా కుర్చీలోంచి లేచింది. “అన్నా, సోమవారం దాని జాబ్ జాయినింగ్. పోలీస్ కేసంటే కంపెనీ గేటు సుత దాటనియ్యరు. నీ కాళ్లు మొక్కుత.”

“ఎందుకు మొక్కుతవ్ మమ్మీ? నేను చెయ్యలే!” హదస్సా గొంతు పగిలింది. నిజం చెప్పేవాళ్ల గొంతే ముందు పగులుతుంది. అబద్ధానికి తొందరేముంది?

రోనాల్డ్ అప్పటిదాకా నేల చూపులు చూస్తూ కూర్చున్నాడు. “వద్దు విజయేందర్. పిల్లను వదిలెయ్. నేను క్షమించిన.”

“గిట్ల క్షమించుకుంట పోతే రేపు అందరి మీద రాస్తరు, అన్నా.”

“రాయనియ్. వదిలెయ్ అంటున్న గదా.”

హదస్సా చిన్నప్పుడు గల్లీ చివర రోనాల్డ్‌కు సీడీల షాపు ఉండేది. శనివారం వస్తే జనం ఒకరినొకరు తోసుకునేవాళ్లు. తర్వాత సినిమా ఒక ఫోన్‌లోంచి ఇంకో ఫోన్‌లోకి ఊరికే దూకడం మొదలైంది. ఊరికే వచ్చేదానికి మధ్యలో మనిషెందుకు? షాపు మూతపడింది. దాంతోపాటే పలకరింపులూ మూతపడ్డాయి. ఇదిగో, ఈ తిట్లు పడ్డాకే మళ్లీ జనం ఆ గడప తొక్కుతున్నారు.

విజయేందర్ నంబరు నొక్కాడు. అవతల రింగవుతోంది.

రోనాల్డ్ దిగ్గున లేచాడు. “ఆగు! షుగర్ మనిషిని, బాత్రూంకు పోయొస్త. నేనొచ్చేదాక ఎవ్వరికీ ఫోన్ చెయ్యకు. పిల్ల ఫోన్ ఎవ్వరూ ముట్టొద్దు. ఆడనే ఉండాలె.”

విజయేందర్ విసుగ్గా కట్ చేశాడు. లోపల కుళాయి చప్పుడు. టీవీ పక్కన రోనాల్డ్ ఫోన్ ఛార్జింగ్‌లో ఉంది. అందరి చూపూ టీపాయ్ మీదే ఉంది, అక్కడేదో పాము పడుకున్నట్టు. హదస్సా చేతులు కట్టుకుని కూర్చుంది.

గదిలో ఫోన్లన్నీ ఒక్కసారే టింగుమన్నాయి. టీవీ పక్కనున్నదీ మోగింది. టీపాయ్ మీదిదీ మోగింది.

విజయేందర్ చదివాడు. చదువుతుంటే అతని గొంతు సన్నబడింది. “నిజం నిప్పు... ‘డైనోసార్ చచ్చినా, వాసనొచ్చేదాక ఈ గల్లీకి తెలవదు.’”

హదస్సా రెండు చేతులూ పైకెత్తింది. “చూస్కోండ్రి. నా చేతులిక్కడ. నా ఫోన్ అక్కడ.”

“సారీ బిడ్డా.” విజయేందర్ ఫోన్‌ను జేబులో పడేసుకున్నాడు. “ఎవడో బయటోడే.”

“ఎందుకు తెలవదు? మేం సచ్చినమా?” సుబ్బులు మండిపడింది. “రేపట్నుంచి పొద్దుగాల చాయ్ నేనే తెచ్చిస్త ఈయనకు. ఎవడేమంటడో చూస్త!”

రోనాల్డ్ తడి ముఖంతో బయటికొచ్చాడు. ప్రిసిల్లా గబగబా టీవీ పక్కనున్న ఫోన్ తీసి కొంగులో దాచింది. “మీరు చూడకండి బ్రదర్. ఏం లేదు.”

హదస్సాకు ఏడుపు అప్పుడొచ్చింది. “అంకుల్, ఇగ సాయంత్రాలు మీ ఇంట్లనే కూసొని ఆడుకుంట. పక్కన కూసొని తిట్టండి. నడుస్తదా?”

రోనాల్డ్ తలూపాడు.

ఆమె ముఖం కడుక్కుందామని లేచింది. “ఆగు బిడ్డా, ఆడ జారుతది!” అంటూ రోనాల్డ్ అడ్డం వచ్చేలోపే బాత్రూం తలుపు వేసుకుంది.

సబ్బుపెట్టె వెనక, తెర వెలుగు ఇంకా ఆరని పాత ఫోన్‌లో ‘నిజం నిప్పు’ ఖాతా తెరిచి ఉంది.