మధ్యలో మానేసినవారు

“ఇరవై మంది బాన్సువాడ బీడీ కార్మికుల్లో తొమ్మిది మంది మధ్యలోనే మానేశారు. అందుకే మీ ఊపిరితిత్తుల మీద పరిశోధనను యూనివర్సిటీ ఆపేసింది,” అంది నవత. యూనివర్సిటీ తరఫున దాన్ని పరిశీలించి తక్కువ మార్కులు వేసింది తనేనని చెప్పలేదు.

గంగాబాయి ఒళ్లోని బీడీల చాట పక్కన పెట్టి, ఊపిరి ఊది కొలిచే మీటర్లు తొమ్మిది తెచ్చి నవత ముందుంచింది.

“మానేసుడేంది మేడం? గిది సాయవ్వది. దవాఖాన్ల పడ్డనాడు గూడ ఊదింది. దినాలనాడు పోయి తెచ్చిన.”

“మిగతా ఎనిమిది?”

“అవిటిని గూడ గట్లనే తెచ్చిన.”

నవత చేతిలోని ఫారంలో మానేసినవారికి గడి ఉంది. చనిపోయినవారికి లేదు.

గంగాబాయి దగ్గు ఆపుకుంది. “నాది మాత్రం ఇప్పుడే ఇయ్య మేడం. నేనింకా ఊదుతున్న. తర్వాత నా బిడ్డ తెచ్చిస్తది.”