మచ్చలేని కొడుకు

"రంగనాయకమ్మగారి ఇల్లు ఇదేనా?"

గడప ముందు చేతిసంచితో ఎవరో పెద్దమనిషి.

"ఇదే సామీ. అబ్బాయిని సూడనే గదా? రాండి, మీ కోసరమే కాసుకోనుండా!"

ఆయన నోరు తెరిచేలోపే చేతిలో మజ్జిగ చెంబు పెట్టేసింది.

నగరిలో మరమగ్గాల మోతకంటే రంగనాయకమ్మ గొంతు పెద్దది. మనవరాలు మహితకు ఒళ్ళంతా కాఫీరంగు మచ్చలు, గడ్డలు. నేరం కోడలు చంద్రికదేనని తీర్పిచ్చేసింది. విచారణ లేదు, సాక్షి లేడు. తల్లీబిడ్డలను పాకాల పుట్టింటికి తోలేసి, కొడుక్కి ఇంకో పెళ్ళి చేయడానికి బ్రోకరుకు ఫోన్ చేయించింది. ఆ బ్రోకరు మొహం ఆమె ఎప్పుడూ చూడలేదు.

"ఒరే మురుగేషూ! సొక్కా ఏసుకోని రారా!"

మగ్గం వదిలి మురుగేష్ మెడదాకా గుండీలు పెట్టుకుని, చెమటలు కక్కుతూ వచ్చాడు.

"చొక్కా ఓసారి విప్పుతావా నాయనా?" అన్నాడు వచ్చినాయన.

కొడుకు చెయ్యి గుండీ మీదికి పోయింది. తల్లి ఆ చేతిమీద ఒక్కటిచ్చింది.

"పలమనేరు సంతలో ఎద్దును సూసినట్టు సూస్తావేంది సామీ!"

"మచ్చలేమైనా ఉన్నాయేమోనని."

"నా కొడుక్కా? పుట్టుమచ్చ గూడా లేదు!"

కుడి భుజం కింద కాఫీరంగు మచ్చలు గుంపుగా ఉన్నాయని ఆమెకు తెలుసు. కన్నది ఆమే గదా.

"ఆలోచించి చెప్పమ్మా. కొందరికి ఈ మచ్చల జబ్బు ఒంట్లో ఓ మూలే దాక్కుంటుంది. రక్తపరీక్షలో కూడా దొరకదు. వాళ్ళు బాగానే ఉంటారు. బిడ్డకు దిగిందంటే మాత్రం ఒళ్ళంతా ఉంటుంది."

ఊళ్ళో ఎవరో ఈయన చెవిలో ఊదేసినారు, అనుకుంది రంగనాయకమ్మ.

"అదంతా కోడలి వంశం సామీ. మాది కడిగిన ముత్యం!"

ఆయన నిట్టూర్చి లేచాడు.

"అట్లయితే ఇంకో బిడ్డ పుట్టినా పెద్దగా భయం లేదులేమ్మా."

సంబంధం కుదిరినట్టేనని మురిసిపోయి, ఆయన్ను తానే దగ్గరుండి బస్సెక్కించింది.

తిరిగొచ్చేసరికి అరుగు మీద గొడుగుతో ఇంకొకాయన. పక్కన మురుగేష్, ఉక్క తట్టుకోలేక చొక్కా విప్పి దాంతోనే విసురుకుంటున్నాడు.

"ఎవురప్పా నువ్వు?"

"పెళ్ళిళ్ళ ఎల్లప్పను. బస్టాండులో టీ తాగేకి ఆగినా, ఆలస్యమైంది. ఈ మచ్చలేంది తల్లీ, ఇట్లుండాయి?"

రంగనాయకమ్మ గొంతు మొదటిసారి తగ్గింది.

"అది ఉండనీప్పా. మల్ల ఇందాక వచ్చినాయన ఎవురు?"

"ఆయనా? బస్సులో నా పక్కనే కూసున్నాడు. పాప జబ్బు ఎవరి నుంచి వచ్చిందో తేల్చమని మీ కోడలు కాళ్ళావేళ్ళా పడితే, రేపు ఊరొదిలి పోయేవాడైనా గూడా మీ ఇల్లు ఎతుక్కుంటా వచ్చిన డాక్టరు తల్లీ ఆయన."