పాత ఇంజనుకు కొత్త నూనె

ఆ కారు వచ్చిన రోజు నుంచి ఆంజప్ప కాళ్లు నేల మీద ఆనడం లేదు.

హోసూరు బస్టాండు వెనక అతని షెడ్డు. పదేళ్లుగా లారీలు, ట్రాక్టర్లు తప్ప ఇంకోటి అందులోకి వచ్చిన పాపాన పోలేదు. ఇప్పుడు అక్కడ రెండు సీట్ల ఇంగ్లీషు పందెం కారు నిలబడి ఉంది. ఎర్రటిది. దాని వయసు పాతికేళ్ల పైమాటే.

బాగలూరు వెంకటరామప్ప దాన్ని ఏర్కాడు కాఫీ తోట వాళ్ల దగ్గర కొన్నాడు. ఆదివారం మద్రాసు పక్క షోలవరంలో కార్ల పందెం.

"గెలవకపోయినా పరవాలేదు ఆంజప్పా. ఆగకుండా పందెం ముగిస్తే చాలు. బెంగుళూరు పందెం కార్లన్నీ నీ షెడ్డుకే తోలిస్తాను."

"ఆగదు సార్. నాది పూచీ."

"ఇన్నాళ్లూ దీన్ని చూసుకున్నది కృష్ణగిరి గుర్రప్ప మేస్త్రీ అంట. ఏ నూనె పోయాలో ఆయన్నే అడుగు. బస్సు కండక్టరుతో కబురు పంపినాను."

ఆంజప్ప తలూపాడు గానీ లోపల ముల్లు గుచ్చుకున్నట్టయింది. నూనె పోసేదానికి కూడా ఇంకొకరిని అడగాలా?

శుక్రవారం పొద్దున పాత నూనె దించేశాడు. నల్లగా, చెరుకు పాకంలాగా చిక్కగా దిగింది. బెంగుళూరు నుంచి తెచ్చుకున్న కొత్త రకం నూనె డబ్బా మూత తీశాడు.

"అది దీంట్లో పోసేదానికేనా అప్పా?"

వాకిట్లో ఒకామె నిలబడి ఉంది. నెరిసిన తల, చంకలో గుడ్డ సంచి.

"లేదమ్మా, వడలు కాల్చేదానికి. ఏం కావాల నీకు?"

ఆమె నొచ్చుకోలేదు. వంగి, ఇనప తట్టలో ఉన్న పాత నూనెలో వేలు ముంచింది. బొటనవేలితో రుద్ది చూసింది. వాసన చూసింది.

"ఇన్నేండ్లూ ఈ మందం నూనే తాగింది ఇది. కొత్తది పోస్తే లోపల పేరుకున్న మురికంతా కదులుతుంది."

"కదలాలనే గదా పోసేది! సబ్బు పెట్టి కడిగినట్టు కడిగేస్తుందంట."

"కడిగిన మురికి యాడికి పోతుందప్పా?"

ఆంజప్ప డబ్బా మూతను చేతిలో అటూ ఇటూ తిప్పాడు.

"నూనె పీల్చే జల్లెడకు అడ్డం పడుతుంది. నూనె పైకెక్కదు. ముందు ఇంజను అడుగున ఉండే నూనె తొట్టి విప్పి జల్లెడ కడుగు. అంత టైం లేదంటే పాత రకమే పొయ్యి. కడిగేది పందెం అయినాక చూసుకో."

తొట్టి విప్పాలంటే ఒక రోజు పని. పాత రకం పోస్తే, ఇక బెంగుళూరు దాకా పోయి డబ్బా తెచ్చింది ఎందుకు?

"ఇదంతా నీకు ఎవురు చెప్పినారు?"

"మా ఇంటాయన."

"ఎవురా మహానుభావుడు? పేరు చెప్పు, విందాము."

ఆమె తల దించుకుంది. ఆ పక్క ఆడవాళ్లు మొగుడి పేరు నోటితో పలకరు. ఆ సంగతి ఆంజప్పకు తెలుసు. ఇంట్లో భార్య మంజులమ్మ కూడా అతని పేరు పలకదు. తెలిసే అడిగాడు.

"పేరు కూడా లేని మేస్త్రీ మాట విని నేను ఇంజను విప్పాలా? పో తల్లీ, నీ నూనె సంగతి పొయ్యి కాడ చూసుకో."

ఆమె సంచి సర్దుకుని, ఇంజను మూత మీద ఒకసారి అరచెయ్యి ఆనించి, బస్టాండు వైపు నడిచిపోయింది.

సాయంత్రం వెంకటరామప్ప వచ్చాడు.

"గుర్రప్ప మేస్త్రీ వచ్చినాడా?"

"ఎవురూ రాలేదు సార్."

శనివారం తెల్లారి ఇద్దరూ బయలుదేరారు. కృష్ణగిరి దాకా కారు గాలిలో తేలినట్టు పోయింది.

"చూసినారా సార్, కొత్త నూనె మహిమ!"

బర్గూరు ఇంకా నాలుగు మైళ్లుందనగా నూనె ఒత్తిడి చూపే ముల్లు కిందికి జారింది. ఇంజనులో ఎవరో సుత్తితో కొడుతున్నట్టు చప్పుడు. ఆ తర్వాత ఒకటే కేక లాంటి శబ్దం. కారు ఆగిపోయింది.

ఆంజప్ప రోడ్డు పక్కనే కారు కింద దూరి తొట్టి విప్పాడు. జల్లెడ కనపడలేదు. దాని నిండా తారు ముద్దలాగా నల్లటి మురికి. పైన బేరింగులు కరిగి అతుక్కుపోయాయి.

వెంకటరామప్ప తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండుననిపించింది ఆంజప్పకు.

"పందెం పోయింది. ఇంజనయినా దక్కుతుందేమో, ఆ గుర్రప్పనే అడుగుదాము పద."

లారీ పట్టుకుని కృష్ణగిరికి వెనక్కి వచ్చారు. గుర్రప్ప ఇంటి అరుగు మీద కూర్చుని ఉన్నాడు.

"నిన్న మీరొస్తారని చూసినాము మేస్త్రీ," అన్నాడు వెంకటరామప్ప.

"మా ఇంటిది మారక్క వచ్చింది గదప్పా! కారు పందేనికి పోతుందని వినీ వినంగానే మొదటి బస్సు ఎక్కేసింది. రాత్రి అన్నం కూడా సరిగా తినలేదు."

ఆంజప్ప అరుగు దగ్గరికి ఒక అడుగు వేశాడు.

"అక్క యాడ?"

"సంతకు పోయింది."

"తప్పు నాదే మేస్త్రీ. మీరు చెప్పి పంపిన మాట అక్క చెప్పింది, నేనే వినలేదు. మీరు విప్పి కట్టిన ఇంజను, మీరే ఒకసారి వచ్చి చూడాల."

గుర్రప్ప మాట వచ్చిన వైపు ముఖం తిప్పి చిన్నగా నవ్వాడు.

"నా కండ్లు పోయి పద్నాలుగేండ్లాయ నాయనా," అన్నాడు చేత్తో గోడ తడుముకుంటూ లేచి, "జనం ఒప్పుకోరని పేరు మాత్రం నాది పెట్టుకున్నాము, ఆ ఇంజను కట్టిన చేతులు మారక్కవి."